సొంత విమానానికి సొంత రిపేరు: ఎంతవరకు?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, ‘అమెరికా కబుర్లు వద్దు, అవి ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. నీ చేత్తో నువ్వు చేసే పని ఏదైనా ఉంటే చెప్పు’ అన్నారు. నా ఉద్యోగం కంప్యూటరు ముందు కూర్చోవడం. దాని గురించి చెబితే వెనక బెంచీల్లో కునుకుపాట్లు మొదలవుతాయి. ఇక నేను చేత్తో చేసే పని ఒక్కటే ఉంది. నెలకో రెండు శనివారాలు ఒక పాత విమానం కింద పడుకుని, మోచేతుల దాకా ఆయిలు పూసుకుంటాను. దాని గురించే చెబుతాను.

విమానం అనగానే మీరు పెద్దగా ఊహించుకోకండి. నేనుండేది కాన్సాస్ రాష్ట్రంలో విచిటా. సెస్నా, బీచ్‌క్రాఫ్ట్, లియర్‌జెట్ విమానాలు పుట్టిన ఊరు. అక్కడ విమానం అంటే మన దగ్గర పాత జీపు లాంటిది. మాది 1974 నాటి సెస్నా 172. నాలుగు సీట్లు, ముందొక ప్రొపెల్లరు, నెత్తి మీద రెక్క. నిండా బరువేసినా టన్నుకు కాస్త పైన తూగుతుంది. ఈ రకం విమానాలు 1956 నుంచి నలభై నాలుగు వేలకు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంకే విమానమూ ఇన్ని తయారవలేదు. దానికి ముగ్గురం భాగస్వాములం. నా వంతు మూడో భాగం. ఆ మూడో భాగం కూడా ఒక మాదిరి కారు ఖరీదే.

ఊళ్లోకి వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న ఎదురవుతుంది. ‘అది చెడిపోతే ఎవరు బాగుచేస్తారు?’ కొన్ని పనులు నేనే చేస్తానంటే వెంటనే రెండో ప్రశ్న, ‘గవర్నమెంటు ఒప్పుకుంటుందా?’ ఈ రెండో ప్రశ్నకు జవాబు ఆసక్తిగా ఉంటుంది. ఒప్పుకుంటుంది. ఎంతవరకు ఒప్పుకుంటుంది, ఏ షరతు మీద ఒప్పుకుంటుంది అన్నదే ఇవాళ్టి సంగతి.

అమెరికాలో విమానాల సంగతి చూసేది ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్. ఎఫ్ఏఏ అంటారు. మన డీజీసీఏ లాంటిది. విమానాల మరమ్మతుకు వాళ్ల నిబంధనల్లో పార్ట్ 43 అని ఒక భాగం ఉంది. దాని ప్రకారం విమానం మీద చెయ్యి వేయాలంటే లైసెన్సు ఉన్న మెకానిక్ అయ్యుండాలి. ఎయిర్‌ఫ్రేము, ఇంజను రెండింటికీ లైసెన్సు కావాలంటే గుర్తింపు పొందిన స్కూల్లో చదవాలి, లేదా ముప్పై నెలలు పనిచేసిన అనుభవం చూపించాలి. ఆ తర్వాత రాత పరీక్ష, నోటి పరీక్ష, చేతి పరీక్ష. ఇది మామూలు దారి.

అయితే అదే పార్ట్ 43 ఒక చిన్న తలుపు తెరిచి ఉంచింది. పైలట్ లైసెన్సు ఉన్న మనిషి తన సొంత విమానానికి, లేదా తాను నడిపే విమానానికి, ముందు జాగ్రత్త పనులు తానే చేసుకోవచ్చు. ‘ప్రివెంటివ్ మెయింటెనెన్స్’ అంటారు వాళ్లు. ఆ విమానం ఎయిర్‌లైనులోనో, కిరాయి సర్వీసులోనో తిరిగేది కాకూడదు. దానికి చట్టం ఇచ్చిన అర్థం తేలిగ్గానే ఉంటుంది: విమానాన్ని చెడకుండా కాపాడే సాదా పనులు, చిన్న చిన్న ప్రామాణిక భాగాలను మార్చడం, సంక్లిష్టమైన అమరిక ఏదీ లేకుండా. దాని కింద ముప్పై దాకా పనుల జాబితా ఉంది.

ఆ జాబితా చదువుతుంటే నాకు మన ఊరి సైకిల్ షాపు, పొలం గట్టు మీది ఆయిలింజను గుర్తొస్తాయి. టైరు విప్పి బాగుచేసి మళ్లీ ఎక్కించడం. చక్రాల బేరింగులు కడిగి గ్రీజు పెట్టడం. ల్యాండింగు లైటు బల్బు మార్చడం. బ్యాటరీ మార్చడం. స్పార్కు ప్లగ్గులు తీసి, శుభ్రం చేసి, గ్యాపు సరిచూసి బిగించడం. ఆయిలు ఫిల్టరు, పెట్రోలు జల్లెడ శుభ్రం చేయడం. సీటు బెల్టు మార్చడం. లోపలి సీటు గుడ్డ చిరిగితే కుట్టుకోవడం. పక్క కిటికీ అద్దం మార్చడం. హోసు గొట్టాలు మార్చడం. ఇలా సాగుతుంది.

లేనివి కూడా చూడండి. కంట్రోలు తీగల జోలికి పోకూడదు. ప్రొపెల్లరు విప్పకూడదు. సిలిండరు తీయకూడదు. హోసు గొట్టాలు మార్చవచ్చు అన్నచోటే హైడ్రాలిక్ గొట్టాలు తప్ప అని ఉంది. అంటే నేను చక్రం విప్పవచ్చు, టైరు మార్చవచ్చు, కానీ ఆ చక్రం పక్కనే ఉన్న బ్రేకు గొట్టాన్ని మార్చడానికి వీల్లేదు. చక్రం తీసేటప్పుడు బ్రేకు పళ్లెం బోల్టులు రెండు విప్పుతాం, గొట్టాన్ని మాత్రం ఊడదీయం. గీత అంత సన్నంగా గీశారు.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ‘మైనర్’ అన్న మాట విని, ఇవి తప్పు జరిగినా పరవాలేని పనులనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. పని చిన్నది, అంతే. తప్పితే వచ్చే ఫలితం చిన్నదని ఎవరూ అనలేదు. ఆయిలు ఫిల్టరు వదులుగా బిగిస్తే ఇంజనులోని ఎనిమిది క్వార్టుల ఆయిలు కొద్ది నిమిషాల్లో బయటికి పోతుంది. ఆ తర్వాత ఇంజను ఎంతసేపు తిరుగుతుందో తెలుసుకోవాలని ఎవరికీ సరదా ఉండదు. రోడ్డు మీదైతే పక్కకు తీసి ఆపుతాం. మూడు వేల అడుగుల ఎత్తున పక్కకు తీయడమంటే ఏదో ఒక గోధుమ చేను వెతుక్కోవడమే.

టైరు సంగతి ఇంకా చూడండి. చిన్న విమానాల చక్రం రెండు సగాలుగా ఉంటుంది. మధ్యలో బోల్టులతో కలిపి బిగిస్తారు. లోపల గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రెండు సగాలు ఎగిరి మనిషి మీద పడతాయి. అలా ప్రాణాలు పోయిన వాళ్లున్నారు. ముందు గాలి పూర్తిగా తీసెయ్యాలి. జాబితాలో ఇది మొట్టమొదటి పని, అంటే అన్నిటికంటే మామూలుదని అందరూ అనుకునేది.

మరి ఇలాంటి పనిని పరీక్ష పాస్ కాని మనిషి చేతికి ఎందుకిచ్చారు? నాకు అర్థమైనంతలో రెండు కారణాలు. మొదటిది చరిత్ర. రైటు సోదరులది డేటన్‌లో సైకిల్ షాపు. వాళ్ల 1903 విమానానికి ఇంజను కట్టింది ఆ షాపులో పనిచేసిన చార్లీ టేలర్. ఆరు వారాల్లో, పన్నెండు గుర్రాల బలంతో. విమానం పుట్టడమే సొంతంగా బాగుచేసుకునే వాళ్ల చేతుల్లో పుట్టింది. చట్టాలు తర్వాత వచ్చాయి. రెండో కారణం, ఆ విమానంలో ఎక్కేది కూడా తనే. ప్లగ్గు బిగించిన మనిషే దాని వెనక కూర్చుని గాల్లోకి లేస్తాడు. చట్టం దాన్ని కొంత లెక్కలోకి తీసుకుందని నా నమ్మకం. ఎందుకంటే విమానం సొంతమే కానీ నడపడం రాని ధనవంతుడికి ఆ హక్కు లేదు. ‘విమానం నాదే కదా’ అంటే కుదరదు. పైలట్ లైసెన్సు ఉండాలి. అలాగే డబ్బిచ్చి ఎక్కే వాళ్లను తీసుకెళ్లే కిరాయి విమానాలకు ఈ వెసులుబాటు లేదు.

కిరాయి విమానాల దగ్గర ఈ గీత ఎంత పదునుగా ఉంటుందో చెప్పడానికి ఒక నిజమైన ప్రమాదం ఉంది. 2008 సెప్టెంబరు 19 అర్ధరాత్రి వేళ సౌత్ కరోలినాలోని కొలంబియాలో ఒక లియర్‌జెట్ 60 పైకి లేవబోతూ టైర్లు పేలి, ఆగలేక రన్‌వే దాటి పోయింది. ఆరుగురిలో నలుగురు చనిపోయారు, పైలట్లిద్దరితో సహా. ప్రమాదాలను విచారించే జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చిందేమిటంటే టైర్లలో గాలి చాలా తక్కువగా ఉంది. ఆ రకం టైర్లలో గాలి రోజుకు సుమారు 2 శాతం తగ్గుతుంది. దాదాపు మూడు వారాలుగా ఎవరూ చూడలేదు. లేవడం మానుకోవాలన్న నిర్ణయం ఆలస్యంగా తీసుకోవడం కూడా ఒక కారణమని బోర్డు చెప్పింది. కానీ మొదలు మాత్రం గాలి దగ్గరే.

ఇప్పుడు వింత వినండి. 2009లో ఎఫ్ఏఏ న్యాయవిభాగం ఒక ప్రశ్నకు జవాబిస్తూ, ఆ విమానం టైరుకు గేజి పెట్టి గాలి చూడడం కూడా ప్రివెంటివ్ మెయింటెనెన్సే కాబట్టి కిరాయి సర్వీసు పైలట్ ఆ పని చేయకూడదని రాసింది. గాలి కొట్టడం సంగతి కాదు, గేజి పెట్టి చూడడం. ఇది సరికాదు, పైలట్లను చూడనివ్వండి అని భద్రతా బోర్డు తర్వాత సిఫారసు చేసింది. నా ఓటు భద్రతా బోర్డుకే. చూడడాన్ని కూడా కట్టడి చేస్తే చూసేవాళ్లు తగ్గుతారు. మా 172కి మాత్రం నేను ప్రతిసారీ ఎక్కే ముందు చూసుకోవచ్చు, గాలి కూడా కొట్టుకోవచ్చు. అదే గేజి, అదే గాలి. తేడా అంతా ఎవరిని ఎక్కించుకుని వెళుతున్నాం అన్న దాంట్లో ఉంది.

ఆ ఉత్తరంలోనే మాలాంటి వాళ్లకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. జాబితాలో ఉన్నవి ఉదాహరణలే తప్ప అదే సర్వస్వం కాదని. జాబితాలో లేని పని కూడా సాదాదీ చిన్నదీ అయితే ప్రివెంటివ్ మెయింటెనెన్సే కావచ్చు. దీని మీద మా హ్యాంగర్లో ఎన్ని శనివారాలు వాదించుకున్నామో లెక్కలేదు. కొందరికి అది పూర్తి స్వేచ్ఛ. నాకలా అనిపించదు. జాబితాలో పేరు లేని పనికి చెయ్యి పెట్టేముందు మెకానిక్‌ను అడుగుతాను. అడిగితే పోయేదేముంది, కాఫీ ఖర్చు తప్ప.

ఇక పని ఎలా చేయాలన్న దానికొస్తాను. ‘నాకు వచ్చు’ అంటే చాలదు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్లో చెప్పిన పద్ధతిలో, చెప్పిన పనిముట్టుతో చేయాలి. పని అయ్యేసరికి ఆ భాగం కనీసం మొదట ఉన్న స్థితికి సమానంగా ఉండాలి. ఈ షరతులు మెకానిక్‌కూ నాకూ ఒకటే.

ప్లగ్గుల పని తీసుకోండి. మన ఊళ్లో పంపుసెట్టు ప్లగ్గు పీకి, ఉప్పుకాగితంతో గీకి, నోటితో ఊది, చేతికందినంత బలంతో బిగించేసేవాళ్లం. అది నడిచేది. మా ఇంజను లైకమింగ్. నాలుగు సిలిండర్లు, ఒక్కో దానికి రెండేసి చొప్పున ఎనిమిది ప్లగ్గులు. వాటికి నిప్పు అందించే మాగ్నెటోలు రెండు, ఒకటి ఆగినా రెండోది నడిపిస్తుందని. మేము వాడే పెట్రోలులో ఇప్పటికీ సీసం ఉంటుంది. ఆ సీసం కింది వరస ప్లగ్గుల్లో చిన్న చిన్న గుండ్లుగా పేరుకుంటుంది. వాటిని సన్నని పుల్లతో తీయాలి, గ్యాపు కొలవాలి, పైవి కిందికీ కిందివి పైకీ మార్చాలి, కొత్త రాగి వాషరు వేయాలి, టార్కు రెంచితో 35 ఫుట్-పౌండ్లకు బిగించాలి. తక్కువైతే వేడికి వదులవుతుంది. ఎక్కువైతే సిలిండరులో మరలు పోతాయి. చేతిలోంచి జారి నేల మీద పడిన ప్లగ్గును తిరిగి పెట్టరు. పైకి ఏమీ కనబడకపోయినా లోపల పింగాణీ పగిలి ఉండవచ్చు. దాని ఖరీదు తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది కానీ చెత్తబుట్టలోకే.

ఆయిలు మార్చడం యాభై గంటలకో, నాలుగు నెలలకో, ఏది ముందైతే అప్పుడు. పాత ఫిల్టరును పారెయ్యం. డబ్బా కోసే కత్తెర లాంటి పనిముట్టుతో దాన్ని కోసి, లోపలి మడతల కాగితాన్ని ఎండలో పరిచి చూస్తాం. మెరుపు కనిపిస్తే ఇంజనులో ఏదో అరుగుతోందన్న మాట. అయస్కాంతం పెట్టి చూస్తే ఇనుమో కాదో తెలుస్తుంది. కొత్త ఫిల్టరు బిగించాక అది తిరిగి వదులవకుండా సన్నని తీగ మెలిపెట్టి కడతాం. ఆ తీగ ఎప్పుడూ బిగుసుకునే వైపే లాగుతూ ఉండాలి. ఎదురు వైపు కడితే కట్టనట్టే. నాకు ఇది నేర్పిన మెకానిక్ మొదట్లో నేను కట్టిన తీగను ఏమీ అనకుండా కత్తిరించేసేవాడు. ఆరుసార్లు కత్తిరించాడు. ఏడోసారి కత్తెర జేబులో పెట్టుకున్నాడు. మన లెక్కల మాస్టారు ఇక్కడే కూర్చున్నారు, ఆయనకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదనుకుంటాను.

పని అయ్యాక అసలు ఘట్టం. లాగ్‌బుక్కులో రాయాలి. ఏ పని చేశాను, ఏ తేదీన పూర్తయింది, నా సంతకం, నా లైసెన్సు నంబరు, అది ఏ రకం లైసెన్సు. ఆ సంతకంతోనే విమానం తిరిగి ఎగరడానికి తయారని నేను ఒప్పుకున్నట్టు. ఆ పని వరకే. విమానం మొత్తానికి కాదు. రాయకపోతే పని చేయనట్టే కాదు, అంతకంటే అన్యాయం: చేసిన పనికి బాధ్యుడు లేనట్టు. అబద్ధం రాస్తే లైసెన్సు పోతుంది.

ఈ నాలుగు ముక్కల రాతకు ఎంత బలముందో ఒకసారి కళ్లారా చూశాను. మా భాగస్వాముల్లో ఒకాయన రిటైరైన గోధుమ రైతు. జీవితమంతా ట్రాక్టర్లు, కోత మిషన్లు తానే విప్పి తానే బిగించిన మనిషి. పనితనంలో నేను ఆయన ముందు దేనికీ చాలను. ఒక శుక్రవారం సాయంత్రం ఇంజను గదిలో పెట్రోలు జల్లెడ నుంచి కార్బ్యురేటరుకు వెళ్లే గొట్టం మీద పగుళ్లు కనిపించాయి. మర్నాడు పొద్దున మా అమ్మాయిని ఆ విమానంలోనే కాలేజీకి తీసుకెళ్లాలని అనుకున్నాం. ఆయన కారు విడిభాగాల షాపుకు వెళ్లి అదే లావు, అదే పొడుగు గొట్టం పట్టుకొచ్చారు. అసలు ఖరీదులో పదో వంతు. ‘రబ్బరు రబ్బరే, పెట్రోలు పెట్రోలే. నా ట్రాక్టరులో ఇదే పదేళ్లు నడిచింది’ అన్నారు.

గొట్టం మార్చడం జాబితాలో ఉంది. ఆయనకు పైలట్ లైసెన్సు ఉంది. విమానం ఆయనది కూడా. కానీ విమానంలో పెట్టే గొట్టం ఆమోదం పొందిన రకమై ఉండాలి. తయారుచేసిన చోటే కొసలు బిగించి, పరీక్షించి, మంటను ఓర్చుకునే తొడుగు వేసి ఇస్తారు. ఎందుకంటే ఆ గొట్టానికి జానెడు దూరంలో ఎర్రగా కాలే పొగ గొట్టం ఉంటుంది. ఇదంతా ఆయనకు తెలుసు. తెలిసిన మనిషికి మళ్లీ చెప్పడం బాగుండదు. వయసులో పెద్దాయన కూడా. నేను లాగ్‌బుక్కు తెచ్చి బల్ల మీద పెట్టి, ‘ఏమని రాద్దామండీ?’ అని మాత్రం అడిగాను.

ఆయన పెన్ను తీసుకున్నారు. తేదీ వేశారు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాయలేదు. ఉన్నదున్నట్టు రాస్తే కారు గొట్టం పెట్టినట్టు సొంత దస్తూరీతో ఒప్పుకోవాలి. వేరేలా రాస్తే అబద్ధం. ఆయన అబద్ధం రాసే మనిషి కాదు. పెన్ను మూత పెట్టి, గొట్టం తీసుకుని, ‘ట్రాక్టరుకు పనికొస్తుందిలే’ అంటూ వెళ్లిపోయారు. సరైన గొట్టం రావడానికి నాలుగు రోజులు పట్టింది. మా అమ్మాయిని కార్లో దింపాను. దారి పొడుగునా అలిగి కూర్చుంది.

ఆ రాత్రి ఎఫ్ఏఏ వాళ్లెవరూ మా హ్యాంగరుకు రాలేదు, వచ్చే అవకాశమూ లేదు. అంత పెద్ద దేశంలో ప్రతి షెడ్డుకూ ఇన్‌స్పెక్టరును పంపడం అయ్యే పని కాదు. చట్టం ఆ పని పెన్నుకు అప్పగించింది.

మన తెలుగువాళ్లకు ఇందులో ఇంకో చిక్కుంది. మొహమాటం. మా ఊళ్లోనే ఒక తెలుగు స్నేహితుడు పాత పైపర్ విమానం కొన్నాడు. భోజనానికి పిలిచి, గోంగూర పచ్చడి వడ్డిస్తూ, ‘అన్నయ్యా, ఎలాగూ మీది చేస్తున్నావుగా, నాది కూడా ఆయిలు మార్చిపెట్టు’ అన్నాడు. కుదరదని చెప్పాల్సి వచ్చింది. అది నా సొంతమూ కాదు, నేను నడిపేదీ కాదు. పక్కన నిలబడి చూపిస్తాను, చెయ్యి నీది, సంతకం నీది అన్నాను. వాళ్లావిడ మొహం కాస్త మాడింది. ఇప్పుడతను నాకంటే బాగా చేస్తాడు. తీగ కట్టడం మాత్రం ఇంకా రాలేదు.

పెద్ద పనులకు, ఏడాదికోసారి చేసే తనిఖీకి మెకానిక్ రావలసిందే. ఆ తనిఖీ పన్నెండు నెలలు దాటకూడదు. మామూలు మెకానిక్ కూడా చాలడు. కనీసం మూడేళ్లు లైసెన్సు ఉండి, తనిఖీ అధికారం విడిగా సంపాదించిన మెకానిక్ కావాలి. అయితే ఆయన పర్యవేక్షణలో నేను పని చేయవచ్చు. ఆయన స్వయంగా అందుబాటులో ఉండాలి, అవసరమైనంత మేరకు కళ్లతో చూడాలి. కాబట్టి మా తనిఖీలో మూతలన్నీ విప్పేది, సీట్లు తీసేది, కడిగేది నేను. చూసేది ఆయన. ఆ చూపు మాత్రం నేను చేయడానికి వీల్లేదు.

మూడేళ్ల కిందట ఆయన నా చేతికి చిన్న అద్దం, టార్చిలైటు ఇచ్చి సైలెన్సరు కింద చూడమన్నాడు. నాకేమీ కనిపించలేదు. ఇంకొంచెం తిప్పమన్నాడు. వెంట్రుక లాంటి పగులు. ఆ సైలెన్సరు చుట్టూ తిరిగి వేడెక్కిన గాలే చలికాలం మా క్యాబిన్లోకి వస్తుంది. పగులులోంచి వచ్చే పొగకు వాసన, రంగు లేని విషం తోడుంటుంది. నాకు ఆ విమానంలో ప్రతి స్క్రూ తెలుసు, ఆ పగులు మాత్రం ఆయనకు కనిపించింది. సొంత రిపేరును నేను ఎంత సమర్థించినా, ఏడాదికోసారి పరాయి కళ్లు ఉండాలన్న నిబంధనను ఎవరైనా తీసేస్తామంటే మాత్రం ఊరుకోను.

వేరే దేశాల్లో గీత వేరే చోట ఉంది. యూరపులో 2020 నుంచి చిన్న విమానాలకు విడిగా ఒక నిబంధనావళి పెట్టి, అందులోనూ యజమాని అయిన పైలట్‌కు కొన్ని పనులు వదిలారు. కెనడా వాళ్లు ఇంకా ముందుకెళ్లి, కొన్ని పాత రకం విమానాలను యజమాని పూర్తిగా తానే చూసుకునే తరగతిలోకి మార్చుకోనిస్తారు. కానీ అలా మార్చిన విమానం సరిహద్దు దాటి అమెరికా ఆకాశంలోకి రాకూడదు. ఇక అమెరికాలో ఇంట్లో కట్టుకున్న విమానాల కథ వేరే. కట్టిన మనిషికే దాని వార్షిక తనిఖీ చేసే అధికారం ఇస్తారు. ఆయన అమ్మేస్తే కొన్నవాడికి ఆ అధికారం రాదు, కట్టిన చెయ్యితోనే ఉండిపోతుంది. ఆ ముచ్చట చెప్పాలంటే ఇంకో స్వర్ణోత్సవం కావాలి.

మా విమానం లాగ్‌బుక్కులు 1974 నుంచి ఉన్నాయి. కొన్నప్పుడు నేను మొదటిగా చదివింది అవే. ఎవరెవరివో చేతిరాతలు. ఒకాయన అచ్చు గుద్దినట్టు రాశాడు, ఇంకొకాయన రాత మందుల చీటీలా ఉంది. ఒకచోట పక్క కిటికీ అద్దం మార్చినట్టు యజమాని సంతకం. ఆ అద్దంలోంచే ఇవాళ నేను కిందికి చూస్తున్నాను. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. కానీ ఆయన పేరు, లైసెన్సు నంబరు ఉన్నాయి. మా తర్వాత కొనేవాళ్లు నా పేరూ అలాగే చదువుతారు. లాగ్‌బుక్కు పోగొట్టుకున్న విమానానికి ధర పలకదు. లోపల ఎంత బాగున్నా ఎవరూ నమ్మరు.

తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు నిన్న సాయంత్రం అడిగారు, ఈ పని ఇక్కడ నేర్చుకోవచ్చా అని. నేర్చుకోవచ్చు. మన దేశంలో దాన్ని ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజనీరింగు అంటారు, లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ. ఇంటర్మీడియట్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. కోర్సులో చేరేముందు ఆ సంస్థకు డీజీసీఏ ఆమోదం ఇప్పటికీ ఉందో లేదో చూసుకోండి, బోర్డు మీద రాసి ఉందని నమ్మకండి. శంషాబాదులో పెద్ద విమానాలు బాగుచేసే హ్యాంగర్లు ఉన్నాయి. వీలుంటే పెద్దవాళ్లెవరితోనైనా వెళ్లి ఒక్కసారి చూసి రండి.

డబ్బు మిగులుతుందా అని మా బ్యాచి మిత్రుడు ముందు వరసలోంచి సైగ చేస్తున్నాడు. మిగులుతుంది, కానీ టార్కు రెంచి, ఫిల్టరు కోసే పనిముట్టు, తీగ మెలిపెట్టే పట్టకారు కొన్నాక ఆ మిగులు కనిపించడానికి నాకు మూడేళ్లు పట్టింది. మిగతా లెక్కలు భోజనాల దగ్గర అడగండి.